తీరిక వేళ పని

"ఎలాగూ ఇంట్లో ఖాళీయే కదా వదినా, సరుకులకయ్యే డబ్బులు నేనిస్తాను, మా వాడి పుట్టినరోజుకి ఒక రెండు కేజీల కేకు చేసి పెట్టు" అంది మూడో అంతస్తులో ఉండే ఆవిడ. గుమ్మంలో నిలబడే అంది, నవ్వుతూనే అంది. మంచి మనిషే.

నేను "దానికేం భాగ్యం" అనబోయాను. సగం అనేశాను కూడా. ఇంతలో హాల్లో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్య తలెత్తకుండా "ఎవరికి ఖాళీ?" అంది.

ఆవిడకి వినపడిందో లేదో తెలీదు కానీ, "రేపు చెప్తాను" అని నేను తలుపేసుకున్నాను. వెనక్కి తిరిగేసరికి అత్తయ్య చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి నాకేసే చూస్తోంది. "ఆ మాట విని యాభై ఏళ్ళయిందే అమ్మాయ్. మళ్ళీ ఈ ఇంట్లో వింటాననుకోలేదు" అంది.

ఈ సంగతి మీకు అర్థం కావాలంటే కేకుల కంటే ముందు ఊలు గురించి చెప్పాలి.

మా అమ్మాయి 2023 ఆగస్టులో కెనడా వెళ్ళింది, విన్నిపెగ్‌లో చదువుకోడానికి. జనవరిలో అక్కడ మైనస్ 30 దాకా పోతుందని ఎవరో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బెజవాడలో పుట్టి పెరిగిన పిల్ల. మనకి చలి అంటే ధనుర్మాసంలో తెల్లారుజామున ఫ్యాను కాస్త తగ్గించి దుప్పటి లాక్కోవడమే కదా. పొద్దున్నే వంట ముగించి బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఊలు ఉండలు, రెండు సూదులు కొనుక్కొచ్చాను. మన ఊళ్ళో దొరికే ఊలు నిజానికి ఊలు కాదని, యాక్రిలిక్ అని, గొర్రె బొచ్చుతో చేసినంత వెచ్చదనం ఉండదని తర్వాత తెలిసింది. తెలిసేసరికి నాలుగు ఉండలు అయిపోయాయి.

యూట్యూబ్ చూసి నేర్చుకుందామని నా ధైర్యం. నేను చదువుకుంది బీఏ తెలుగు. అల్లిక అంటే అల్లసాని పెద్దన కవిత్వం గురించి పాఠం చెబుతూ మా లెక్చరర్ గారు వాడిన మాట మాత్రమే తెలుసు నాకు. చేత్తో అల్లడం ఎప్పుడూ చేసిన దాన్ని కాదు. సూది మీద నలభై కుట్లు ఎక్కించి మొదలెట్టాను. సెప్టెంబరు ఉక్కలో అరచేతులు చెమర్చి దారం సూదికి అతుక్కుపోయేది. ఆ వీడియోలో పిల్ల చకచకా జార్చేస్తుంటే, నాకు ఒక్కో కుట్టూ పచ్చడి జాడీ మూత తీసినంత పని. చేతులకి పౌడరు రాసుకున్నాను. ఫ్యాను కింద కూచున్నాను. పది రోజులకి ఒక జానెడు వచ్చింది.

ఆ జానెడు ఎలా ఉందయ్యా అంటే, కింద ఎనిమిది అంగుళాలు, పైన పదకొండు. తలకిందులు చేసిన గోపురంలాగా. నలభై కుట్లతో మొదలుపెడితే యాభై మూడు ఎలా అయ్యాయో నాకు ఎంతకీ అర్థం కాలేదు. మా వారు చూసి "బాగుంది, కొత్త మోడలేమో" అన్నారు. ఇలాంటి వాటికి ఆయన ఎప్పుడూ అనే మాటే అది.

అప్పటిదాకా అత్తయ్య నా అల్లిక గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను సూదులు తీసినప్పుడల్లా లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేది. ఇష్టం లేదేమో, ఇంటి పని వదిలేసి ఇదేంటని కోపమేమో అనుకున్నాను. ఆ రోజు మాత్రం వచ్చి, నా చేతిలోంచి ఆ గోపురాన్ని తీసుకుని, వెలుతురుకి పట్టి చూసింది. రెండు నిమిషాలు చూసి, వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ దారం సూది మీద ఒక చుట్టు ఎక్కువ వేశావు. తర్వాత వరసలో దాన్నీ కుట్టనుకుని అల్లేశావు. ఇదిగో ఇక్కడా అదే. వరస అయినప్పుడల్లా లెక్కపెట్టుకోవా?"

"ప్రతి వరసకీనా అత్తయ్యా?"

"మరి? మేం లెక్కపెట్టుకునేవాళ్ళం."

అని, నేను నోరు తెరిచేలోపే సూది లాగేసి దారం కొస పట్టుకుని సర్రున ఊడదీసింది. పది రోజుల కష్టం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం ఊడదీసిన ఊలుని చేతి మీద ఉండ చుట్టుకుంటూ, "మాకిలా ఊడదీసే వీలుండేది కాదు. తెల్ల నూలు కదా, ఊడదీస్తే మాసిపోయేది. మాస్తే డబ్బులు కోసేవాడు" అంది.

నా పెళ్ళయి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆవిడ పుట్టిల్లు నరసాపురం పక్కనున్న పల్లె అని తెలుసు. లేసు అల్లేవారని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మా వారిక్కూడా తెలీదు!

నరసాపురం లేసు సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. గోదావరి జిల్లాల్లో పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడిన క్రైస్తవ మిషనరీల ఇళ్ళల్లోని ఆడవాళ్ళు అక్కడి స్త్రీలకి క్రోషా పని నేర్పారట. కరువుల్లో పేద క్రైస్తవ కుటుంబాలకి నాలుగు డబ్బులు వస్తాయని మొదలైంది. తర్వాత గడప దాటి కూలికి వెళ్ళకూడదనుకునే వ్యవసాయ కుటుంబాల ఆడవాళ్ళూ అందుకున్నారు. సన్నటి నూలు దారం, కొస వంపు తిరిగిన ఒకే ఒక్క సన్న సూది. మగ్గం అక్కర్లేదు, మిషను అక్కర్లేదు, అరుగు మీద కూచుంటే చాలు. ఇంతా చేసి ఆ అల్లినవన్నీ యూరపుకీ అమెరికాకీ పోయేవి.

అత్తయ్య ఏడో ఏట సూది పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగుల మీద ఆడవాళ్ళంతా చేరేవారు. దారం ఇచ్చే ఏజెంటు నెలకి రెండుసార్లు వచ్చి, ఎన్ని ఉండలిచ్చాడో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒకరు పువ్వులే అల్లుతారు. ఇంకొకరు ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేస్తారు, దాన్ని అతుకు పని అంటారు. అత్తయ్య పువ్వులు అల్లేది. పద్నాలుగేళ్ళు అల్లింది. ఆ పువ్వులన్నీ కలిశాక అది ఏమవుతుందో ఆవిడ చూసింది ఒక్కసారే, అదీ అతుకు పని చేసే వాళ్ళ ఇంటికి పేరంటానికి వెళ్ళినప్పుడు.

"ఏంటిది అని అడిగాను. టేబులు మీద వేసే గుడ్డంట. మా ఇంట్లో టేబులే లేదు."

రోజంతా అల్లితే ఎంతొచ్చేది అంటే పావలా, బాగా చేయి తిరిగాక అర్ధ రూపాయి అంది. కళ్ళు మంటలు పుడితే తడిగుడ్డ వేసుకుని పడుకునేవారట. ఎప్పుడైనా వాళ్ళమ్మ ధైర్యం చేసి ఇంకో అణా పెంచమని అడిగితే ఆ ఏజెంటు ఒకే మాట అనేవాడట. "ఏవమ్మా, తీరిక వేళల్లో కూచుని చేసుకునే పనేగా ఇది. ఖాళీగా ఉండే బదులు."

పెళ్ళి కుదిరాక సూది చెల్లెలి చేతిలో పెట్టి వచ్చేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత వారం నేను బజారు నుంచి లావుపాటి క్రోషా సూది ఒకటి తెచ్చి, ఏమీ అనకుండా టీవీ పక్కన పెట్టాను. రెండు సూదుల అల్లిక ఆవిడకి రాదు. ఒంటి సూదిది వచ్చు. మూడు రోజులు అది అక్కడే ఉంది. నాలుగో రోజు సాయంత్రం సీరియల్ చూస్తూ చేతిలోకి తీసుకుని, "ఇదేం సూదే, గడ్డపలుగులా ఉంది" అంటూనే ఊలు కొస ముడి వేసింది. చూపు టీవీ మీదే ఉంది. ప్రకటనలు వచ్చేసరికి మోచేతి పొడుగు గొలుసు, దాని మీద రెండు వరసలు. నేను వీడియోలో చూసిన డబుల్ క్రోషే అదే అని గుర్తుపట్టి, "అత్తయ్యా, దాన్ని మీరేమంటారు?" అని అడిగాను. "పేరు గుర్తులేదు. చెయ్యి మర్చిపోలేదు" అంది. పేరు తెలీకపోవడమే నయమేమో కూడా. అమెరికా వీడియోల్లో డబుల్ అనేదాన్ని ఇంగ్లండు పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు. ఈ తేడా తెలీక నేను ఒక టోపీ మొత్తం పాడుచేశాను.

మఫ్లరు చివరికి క్రోషాతోనే పూర్తయింది. అయిదడుగులు. నేను అల్లడం, వరస వరసకీ ఆవిడ లెక్కపెట్టడం. రాత్రిళ్ళు గంటో గంటన్నరో కూచుని, దాదాపు నెల పట్టింది. డిసెంబరులో అటు వెళ్ళే వాళ్ళెవరో ఉంటే ఇచ్చి పంపాం. మా పిల్ల మెడకి చుట్టుకుని వీడియో కాల్ చేసి, "అమ్మా, ఇక్కడ దుకాణంలో ఇలాంటిది పది డాలర్లే తెలుసా" అంది. నాకు ఉసూరుమంది. పక్కనుంచి వాళ్ళ నానమ్మ మాత్రం పకపకా నవ్వింది. "అది మిషనుదై ఉంటుంది లేవే. చేత్తో చేసిందైతే, అల్లిన వాళ్ళకి అందులో ఎంతొచ్చిందో అడుగు" అంది. ఆ పిల్లకి అర్థం కాలేదు. అప్పటికి నాకూ సగమే అయింది.

మిగతా సగం 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో పడ్డప్పుడు అయింది. ఆ వార్త ఆవిడకి చదివి వినిపించాను. "ఇప్పుడా?" అంది అంతే. నాకే ఊరుకోలేక, కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలిని అడిగితే ఒక ఇంగ్లీషు పుస్తకం పంపింది. మరియా మీస్ అని జర్మనీ ఆవిడ 1970ల చివర్లో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో తిరిగి, ఆ లేసు స్త్రీలతో మాట్లాడి రాసిన పుస్తకం. 'లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని 1982లో వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, వంట మధ్యలో నాలుగేసి పేజీలు చదివాను. ఆవిడ చెప్పేది స్థూలంగా ఇది: వేల మంది ఆడవాళ్ళు ఇంటి చాకిరీ అంతా చేసుకుని, ఆ పైన రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లుతారు. దేశానికి విదేశీ డబ్బు తెస్తారు. అయినా ప్రభుత్వం లెక్కల్లో వాళ్ళు పనివాళ్ళ కింద కనపడరు. ఎందుకంటే వాళ్ళు ఇల్లాళ్ళు కదా, ఊరికే కూచోలేక ఏదో అల్లుకుంటారు అని ఏజెంట్లూ వ్యాపారులూ ఇంట్లో మగవాళ్ళూ అందరూ అనుకున్నారు. చివరికి ఆ ఆడవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. అలా అనుకోవడం వల్లే, పొలం కూలీ కంటే తక్కువిచ్చినా చెల్లిపోయింది.

ఒక రోజు ఈ ముక్క తెలుగులో చెప్పాను అత్తయ్యకి. చెప్పేటప్పుడు కొంచెం భయపడ్డాను, బాధపడుతుందేమోనని. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఆ దొరసానికి తెలుగొచ్చా?" అని. తోడుగా తెలుగు అమ్మాయిలు ఉన్నారట అంటే, "అదీ, లేకపోతే మా వాళ్ళు నోరు విప్పరు" అంది. కాసేపాగి, "మేం అలా అనుకోలేదే. మాకు తెలుసు అది పనేనని. పైకి అలా అనేవాళ్ళం, అంతే. కూలి పని చేస్తున్నామంటే పరువు పోదూ" అంది.

పుస్తకంలో ఉన్నదానికంటే నాకు ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక కేకుల సంగతి. అవి ఆ వేసవిలోనే మొదలయ్యాయి. ఊలు పట్టుకుంటే ఒళ్ళు మండే కాలం కాబట్టి ఓవెన్ దగ్గర నిలబడ్డాను, నా తెలివి చూడండి. మొదట కుక్కర్లోనే, అడుగున ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి చేసేదాన్ని. తర్వాత మా వారు పెళ్ళిరోజుకి ఓటీజీ కొనిచ్చారు. అంతా ఇంగ్లీషు వంటకాలు చూసి చేయడం కదా, వాళ్ళ దేశపు వాతావరణానికి రాసినవి. "గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న తీసుకోండి" అంటారు. రోహిణీ కార్తెలో బెజవాడ గది ఉష్ణోగ్రతకి వెన్న నెయ్యి అయి కూచుంటుంది. చక్కెరతో కలిపి గిలకొడితే గాలి పట్టి తెల్లగా నురగలా రావాలి. కరిగిన వెన్నకి గాలి ఎక్కడ పడుతుంది? మూడు కేకులు దిబ్బరొట్టెల్లా వచ్చాక, తెల్లారి అయిదింటికే లేచి ఫ్రిజ్జులోంచి తీసిన వెన్న ముక్కలు కోసి పావుగంట మాత్రమే బయట పెట్టి గిలకొట్టడం అలవాటు చేసుకున్నాను. కప్పు కూడా అంతే. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు, మన టీ కప్పు కాదు. అందుకే కప్పులు మానేసి గ్రాముల తూకం కొన్నాను. సోడా వేరు, బేకింగ్ పౌడరు వేరు. పెరుగో నిమ్మరసమో లాంటి పులుపు లేకుండా వట్టి సోడా వేస్తే కేకు సబ్బు వాసనొస్తుంది. ఇవన్నీ మీరు నాలాగా సరుకు తగలేసి నేర్చుకోకూడదని రాస్తున్నాను.

బ్రెడ్డు మరీ తమాషా. ఈస్ట్ వేసి కలిపిన పిండిని "వెచ్చని చోట గంటసేపు ఉంచండి" అంది వీడియోలో అమ్మాయి. మే నెలలో ఈ ఊళ్ళో వెచ్చగా లేని చోటు ఎక్కడుందో చూపించమనండి ముందు. గంటకి వచ్చి చూసేసరికి పిండి గిన్నె దాటి గట్టు మీదకి పాకింది, పుల్లటి సారా వాసన. పారబోయబోతుంటే అత్తయ్య వచ్చి, "దోసెల పిండి ఎండాకాలంలో ఎంతసేపు పులియబెడతావే?" అంది. "మూడు నాలుగు గంటలు. తర్వాత ఫ్రిజ్జులో." "మరి దీనికి ఆ తెలివి ఏమైంది?" నిజమే కదా. అదే పులుపు, అదే వేడి. ఇరవై ఏళ్ళుగా చేతికి తెలిసిన సంగతి ఇంగ్లీషులో చెప్పేసరికి మర్చిపోయాను. ఇప్పుడు ఐసు నీళ్ళతో కలుపుతాను, ఈస్ట్ సగానికి తగ్గిస్తాను, అరగంటకే చూసి రెండింతలైతే నొక్కేసి ఫ్రిజ్జులో తోస్తాను.

ఇలా నాలుగు నెలలు చేసి, చేసినవన్నీ అపార్టుమెంటులో పంచిపెట్టాను. రుచి చూసి చెప్పమని నేనే ఇచ్చాను, వాళ్ళనేమీ అనడానికి లేదు. అలా ఇచ్చీ ఇచ్చీ ఉన్నప్పుడు వచ్చిందన్నమాట ఆ రెండు కేజీల కేకు అడగడం.

ఆ సాయంత్రం అత్తయ్య నా చేత కాగితం, పెన్ను తెప్పించింది. ఆవిడ చదివింది అయిదో తరగతి. లెక్కల్లో మాత్రం నన్ను ఎప్పుడూ ఓడిస్తుంది. మైదా, చక్కెర, గుడ్లు, వెన్న, క్రీము, అట్ట పెట్టె అన్నీ రాయించింది. 750 దాకా తేలింది. "కరెంటు?" అంది. ఓటీజీ గంటన్నర, మిక్సరు, క్రీము కోసం ఫ్రిజ్జు. పాతిక వేశాం. "గ్యాసు లేదు కదా. సరే. నీకెంతసేపు పడుతుంది?" కేకు కాల్చడం, చల్లార్చడం, క్రీము రాయడం, గిన్నెలు తోమడం, అన్నీ కలిపి అయిదు గంటలని చెప్పాను. "గంటకెంత?"

నాకు నోట మాట రాలేదు. నా గంటకి ఎంతని నేనెప్పుడూ అనుకోలేదు. ఏదో ఒక అంకె చెప్పాలి కదా అని ఇరవై అన్నాను. ఆవిడ ఆ పెన్ను నా చేతిలోంచి లాక్కుని, వంద వేసింది. మొత్తం 1,275.

ఇంట్లో దీని మీద పెద్ద రగడ. "ఇరుగుపొరుగు దగ్గర డబ్బుల లెక్కలేంటి, పరువు పోదూ" అన్నారు మా వారు. యాభై ఏళ్ళ కిందట నరసాపురంలో ఉన్న పరువు నడుచుకుంటూ మా ఇంట్లోకి వచ్చినట్టనిపించింది నాకు. అత్తయ్య మాత్రం శాంతంగా, "నీకు ఆఫీసులో పని లేని రోజున జీతం కోస్తారేంట్రా?" అంది. ఆయన పేపరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మూడో అంతస్తుకి వెళ్ళి చెప్పాను. గొంతు వణికింది, దాచుకోవడమెందుకు. "అయ్యో, బేకరీలోనూ ఇంచుమించు అంతేగా వదినా" అంది ఆవిడ. అవును, ఇంచుమించు అంతే. బేకరీలోనే కొనుక్కున్నారు. ఒక నెలపాటు లిఫ్టులో కనపడితే ఇద్దరం ఫోన్లు చూసుకున్నాం. మళ్ళీ వినాయక చవితికి ఉండ్రాళ్ళు పంపింది, నేను పులిహోర పంపాను, మాటలు కలిశాయి. కేకు మాట మాత్రం ఎవరం ఎత్తలేదు.

ఆ తర్వాత వేరే వాళ్ళు అడిగారు, ఆ రేటుకే. ఇప్పుడు నెలకి మూడో నాలుగో వస్తున్నాయి. ఆహార భద్రత వాళ్ళ రిజిస్ట్రేషను కూడా చేయించుకున్నాను, చిన్నగా ఇంట్లో చేసేవాళ్ళకీ అది ఉండాలట. పెద్ద సంపాదనేం కాదు. పైగా ఒక నిజం ఒప్పుకోవాలి. డబ్బులు తీసుకోవడం మొదలెట్టాక కేకు చేయడంలో నాకున్న సరదా కొంత పోయింది. మొన్న రాత్రి పదకొండింటికి నీలం రంగు క్రీము గులాబీలు వేస్తూ, రేపు పొద్దున్నే ఇవ్వాలే అని విసుక్కుంటుంటే నా మీద నాకే చిరాకేసింది. అందుకని అల్లిక మాత్రం అమ్మకూడదని పెట్టుకున్నాను. అది నా ఇష్టానికి, నచ్చకపోతే ఊడదీసుకోడానికి. ఇదే మాట అత్తయ్యతో అంటే, "నీకా వీలుంది, చేసుకో" అంది. దెప్పుతూ అన్నది కాదు. అయినా ఆ రోజంతా ఆ మాట నా వెంటే తిరిగింది.

మొన్న మార్గశిరంలో అత్తయ్య చెల్లెలి మనవరాలి పెళ్ళికి నరసాపురం వెళ్ళాం. చెల్లెలికి అరవై ఎనిమిదేళ్ళు. సీసా అడుగులాంటి కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకా అల్లుతూనే ఉంది. పెళ్ళి సందడి అయిన మర్నాడు అక్కచెల్లెళ్ళిద్దరూ అరుగు మీద కూచున్నారు. చైనా నుంచి మిషను లేసు వచ్చి పడ్డాక అల్లే వాళ్ళు తగ్గిపోయారని, ఈ కాలం పిల్లలు రొయ్యల ఫ్యాక్టరీలకో చదువులకో పోతున్నారని చెబుతోంది ఆవిడ. "ఇప్పుడెంతిస్తున్నారు?" అని అడిగింది అత్తయ్య. చెల్లెలు చెప్పింది. అత్తయ్య వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కేసుకుంది. పైకి ఏమీ అనలేదు. చెల్లెలి ఒళ్ళో ఉన్న పువ్వుని తిరగేసి వెనకవైపు చూసి, "నీ చెయ్యి ఇంకా బిగువు తగ్గలేదు" అంది.

నేను ఇల్లంతా కలియజూశాను. అరవై ఏళ్ళుగా లేసు అల్లిన మనిషి ఇల్లు. ఎక్కడా ఒక్క ముక్క లేదు. టీవీ మీద మాత్రం ఒక లేసు గుడ్డ పరిచి ఉంది. దగ్గరికెళ్ళి ముట్టుకుంటే ప్లాస్టిక్. సంతలో కొన్నదట.

తిరుగు ప్రయాణంలో రైలు భీమవరం దాటి ఆకివీడు వైపు వస్తోంది. కిటికీకి అటూ ఇటూ చేపల చెరువులు. అత్తయ్య చాలాసేపు వాటిని చూస్తూ కూచుని, నిద్రపోయిందేమో అనుకుంటుండగా నా వైపు తిరిగింది.

"ఆ బీసెంట్ రోడ్డు కొట్లో నూలు దారం కూడా ఉంటుందా?"

"ఉంటుంది అత్తయ్యా. తెల్లది తేనా, సన్నది?"

"తెల్లది వద్దు. అన్నేళ్ళూ తెల్లదే అల్లాను. ఎర్రది తే. మంచి కుంకం రంగు."

"ఏం అల్లుతారు?"

"మన భోజనాల బల్ల ఎంత పొడుగో ముందు కొలిచి చెప్పు" అంది.

ఆరడుగులు. దారం నాలుగు ఉండలు తెచ్చాను, చాలవంది. ఇంకో ఎనిమిది కావాలట. కొట్టువాడు ఆ రంగులో అన్ని లేవు, వారం ఆగమన్నాడు. ఈలోపు ఆవిడ ఉన్న దారంతో పువ్వులు మొదలెట్టేసింది. అతుకు పని నన్ను నేర్చుకోమంటోంది.